పీహెచ్‌పీలో టూ డైమెన్షనల్ అర్రే: మాత్రిక కాదు, హాజరుపట్టీ

పీహెచ్‌పీలో టూ డైమెన్షనల్ అర్రే అనేది అసలు లేదు. ఇలా అనగానే ఏళ్ళ తరబడి పీహెచ్‌పీ మీద అన్నం తింటున్న మిత్రులు "రోజూ వాడుతూనే ఉన్నాం కదండీ, లేకపోవడమేమిటి?" అంటారని తెలుసు. మార్కులు[12][గణితం] అని రాస్తే పని జరుగుతుంది, కాదనను. కానీ బీటెక్ మొదటి సంవత్సరం సీ ల్యాబ్‌లో మాట్రిక్స్ మల్టిప్లికేషన్ రాసినప్పుడు లోపల జరిగింది వేరు, ఇక్కడ జరిగేది వేరు. పేరొకటే, సరుకు వేరు. అమీర్‌పేటలో మూడు నెలల కోర్సు చేసినవాడి దగ్గర్నుంచి ఆర్కిటెక్టు అని బోర్డు పెట్టుకున్నవాడి దాకా చాలామంది ఈ తేడా పట్టించుకోరు. ఆ తర్వాత డేటా పోతే భాషని తిడతారు.

నా ఉద్దేశంలో పీహెచ్‌పీ అర్రే లెక్కల క్లాసులో పుట్టలేదు, గుమాస్తా బల్ల మీద పుట్టింది. అది మాత్రిక కాదు, హాజరుపట్టీ. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే దాని గొప్పతనమూ అర్థమవుతుంది, అది పెట్టే తిప్పలూ అర్థమవుతాయి. (అన్నట్టు, అర్రే అంటే మన హైదరాబాదీ ఆశ్చర్యార్థకం కాదు. అయినా ఈ కథలో ఆ అర్థం కూడా అక్కడక్కడా సరిపోతుంది :) )

ముందు అసలు మాత్రిక సంగతి చూద్దాం. 1957లో ఐబీఎం 704 మెషీన్ కోసం జాన్ బాకస్ బృందం ఫోర్‌ట్రాన్ తెచ్చింది. దాన్ని వాడేది శాస్త్రవేత్తలు, ఇంజినీర్లు. వాళ్ళకి కావలసింది అంకెల గళ్ళు. అందుకే ఫోర్‌ట్రాన్‌లో మొదట్నుంచీ అర్రేలు ఉన్నాయి, అదీ మూడు డైమెన్షన్ల దాకా. మెమరీకి మాత్రం డైమెన్షన్లు తెలియవు. అది ఒకే ఒక్క పొడవాటి వీధి, ఇళ్ళకి వరస నంబర్లు. రెండు వైపులా విస్తరించిన పట్టికని ఆ వీధిలో ఎలా కాపురం పెట్టించాలి? ఫోర్‌ట్రాన్ నిలువు వరసల ప్రకారం పేర్చింది. 1970లలో వచ్చిన సీ అడ్డు వరసల ప్రకారం పేర్చింది. సీలో ఒక గడి చిరునామా కావాలంటే అడ్డు వరస నంబరుని మొత్తం కాలమ్‌ల సంఖ్యతో హెచ్చించి, కాలమ్ నంబరు కలిపితే చాలు. ఒక గుణకారం, ఒక కూడిక. వెతుకులాట అనేదే లేదు.

ఈ వేగం ఉచితంగా రాలేదు. ప్రతి వరసా ఒకే పొడవు ఉండాలి, ప్రతి గడీ ఒకే సైజు ఉండాలి, ఎన్ని గళ్ళో ముందే తెలియాలి. గడికి నంబరే తప్ప పేరు ఉండకూడదు. మాత్రికకి ఈ షరతులు ఇబ్బంది కాదు, ఎందుకంటే మాత్రిక అంటేనే అది.

కానీ లోకంలో ఎక్కువ పట్టికలు మాత్రికలు కావు. కిరాణా కొట్టు పద్దులు, ఓటర్ల జాబితా, లాగ్ ఫైళ్ళు, వీటిలో వరస ఎంత పొడవో ముందు తెలియదు, కాలమ్‌కి నంబరు కాదు పేరుంటుంది. దీన్ని మొదట గట్టిగా పట్టించుకున్న చిన్న భాషల్లో ఒకటి ఆక్. 1977లో బెల్ ల్యాబ్స్‌లో ఆహో, వైన్‌బర్గర్, కెర్నిగాన్ రాశారు. అందులో అర్రే సూచిక అంకే కానక్కర్లేదు, ఏ మాటైనా కావచ్చు. తర్వాత వచ్చిన కొత్త ఆక్‌లో రెండు సూచికలు కూడా రాయనిచ్చారు, ఓ చమత్కారంతో. రెండు సూచికల మధ్యా కనపడని అక్షరం ఒకటి పెట్టి, అతికించి, ఒకే స్ట్రింగు చేసి దాన్ని కీగా వాడుకునేవారు. బయటికి రెండు డైమెన్షన్లు, లోపల ఒకటే. పెర్ల్ 4 దాకా కూడా ఇదే కథ. 1994 అక్టోబరులో పెర్ల్ 5తో రిఫరెన్సులు వచ్చాక గానీ ఒక అర్రే లోపల ఇంకో అర్రేని నిజంగా పెట్టుకోవడం కుదరలేదు. ఆ రాతలో గుర్తులు, బాణాలు చూసి పారిపోయినవాళ్ళు నాకు తెలిసే చాలామంది ఉన్నారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే రాస్మస్ లెర్డార్ఫ్ రంగంలోకి వచ్చాడు. గ్రీన్‌లాండ్‌లో పుట్టిన మనిషి. తన ఆన్‌లైన్ రెజ్యూమె ఎవరు చూస్తున్నారో లెక్కపెట్టుకోడానికి 1994లో సీలో కొన్ని చిన్న ప్రోగ్రాములు రాసుకున్నాడు. 1995 జూన్‌లో వాటిని జనానికి వదిలాడు. ఆ తర్వాతి రూపం పేరు పీహెచ్‌పీ/ఎఫ్‌ఐ. ఆ ఎఫ్‌ఐ అంటే ఫారమ్‌లని అర్థం చేసుకునేది అని. పేరులోనే ఫారమ్ ఉంది, గమనించండి. ఫోర్‌ట్రాన్ పేరులో ఫార్ములా ఉన్నట్టు. ఒక భాష ఎవరి అవసరం కోసం పుట్టిందో పేరే చెప్పేస్తోంది.

ఇజ్రాయెల్‌లోని టెక్నియాన్‌లో చదువుకుంటున్న ఆండీ గట్‌మన్స్, జీవ్ సురాస్కీ తమ యూనివర్సిటీ ప్రాజెక్టుకి పీహెచ్‌పీ/ఎఫ్‌ఐ చాలక, మొత్తం తిరగరాశారు. అది 1998 జూన్‌లో పీహెచ్‌పీ 3 అయింది. మళ్ళీ ఇంజను మార్చి 2000 మే నెలలో పీహెచ్‌పీ 4 తెచ్చారు. జెండ్ అన్న పేరు ఈ జీవ్, ఆండీ పేర్ల కలయికే.

పీహెచ్‌పీ తీసుకున్న పెద్ద నిర్ణయం ఏమిటంటే ఒకే డబ్బా. ఇతర భాషల్లో లిస్టు వేరు, డిక్షనరీ వేరు, స్టాకు వేరు, రికార్డు వేరు. ఇక్కడ అన్నిటికీ అర్రేనే. కీ అంకె అయినా సరే, మాట అయినా సరే, రెండూ కలిసినా సరే. వాల్యూ ఏదైనా సరే, ఇంకో అర్రే అయినా సరే. టూ డైమెన్షనల్ అర్రే అంటూ ప్రత్యేకంగా ఎవరూ కట్టలేదు. డబ్బాలో డబ్బా పెట్టనిచ్చారు కాబట్టి అది దానంతటదే వచ్చేసింది. ఒక వరసలో మూడు గళ్ళు, పక్క వరసలో ముప్ఫై, ఇంకో వరస అసలు వరసే కాదు, ఉత్త స్ట్రింగు. భాషకి అభ్యంతరం లేదు. మన ఇంట్లో పాతకాలం నాటి ట్రంకుపెట్టె లాంటిది.

ఎందుకలా అంటే, దాంట్లో పడే సరుకు అలాంటిది. మైఎస్‌క్యూఎల్ నుంచి వచ్చే ప్రతి వరసా ఒక అర్రే, కాలమ్ పేర్లే కీలు. అలాంటి వరసల్ని లూపులో ఒకదాని కింద ఒకటి పోగేస్తే టూ డైమెన్షనల్ అర్రే. మొదటి సూచిక అంకె, రెండోది పేరు. ఉద్యోగులు[0][జీతం]. వెబ్‌లో మనం రాసే టూ డైమెన్షనల్ అర్రేల్లో చాలావాటి రూపం ఇదే. మాత్రికలో రెండు సూచికలకీ సమాన హోదా, తిప్పి రాస్తే ట్రాన్స్‌పోజ్ అవుతుంది. ఇక్కడ ఒకటి మనిషి, ఒకటి ఆ మనిషి గురించిన సంగతి. తిప్పి రాస్తే అర్థమే మారిపోతుంది. హాజరుపట్టీ అన్నది అందుకే.

ఇందులోనూ ఒక తమాషా ఉంది. పాత మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్లలో ఫెచ్ అర్రే అని ఒకటుండేది. అది ప్రతి కాలమ్‌నీ రెండుసార్లు ఇచ్చేది, అంకె కీతో ఒకసారి, పేరు కీతో ఒకసారి. కొత్తగా నేర్చుకునేవాళ్ళు లూపు తిప్పి టేబుల్ ప్రింట్ చేస్తే ప్రతి గడీ రెండేసిసార్లు కనబడేది. 2000ల్లో పీహెచ్‌పీ నేర్చుకున్నవాళ్ళలో ఇది చూడనివాళ్ళు అరుదు. ఆ ఫంక్షన్లన్నీ పీహెచ్‌పీ 7తో 2015లో వెళ్ళిపోయాయి.

ఇప్పుడు నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన మలుపు. పీహెచ్‌పీ 3లో ఫారమ్ నుంచి అర్రే పంపొచ్చు, కానీ ఒక్క డైమెన్షనే. పీహెచ్‌పీ 4లో ఆ హద్దు తీసేశారు. అంటే హెచ్‌టీఎంఎల్ ఫారమ్‌లో టెక్స్ట్‌బాక్సుకి మార్కులు[12][గణితం] అని పేరు పెడితే, సబ్మిట్ కొట్టగానే సర్వర్ వైపు అదే ఆకారంలో టూ డైమెన్షనల్ అర్రే సిద్ధంగా ఉంటుంది. స్క్రీన్ మీద గళ్ళ పట్టిక, మెమరీలో గళ్ళ పట్టిక, డేటాబేసులో గళ్ళ పట్టిక. మధ్యలో ఒక్క లైను కూడా రాయక్కర్లేదు.

దీని విలువ ఇప్పటివాళ్ళకి తెలియకపోవచ్చు. అప్పట్లో వేరే చోట్ల ఇదే పని చెయ్యాలంటే "మార్కులు_12_గణితం" అని పేరు పెట్టి, సర్వర్‌లో ఆ పేరుని అండర్‌స్కోర్ల దగ్గర విరగ్గొట్టి, ఆకారం మళ్ళీ కట్టుకోవాలి. ఆక్‌లో అతికించిన అదే పాత చమత్కారం, ఈసారి చేత్తో. ఇంకో విశేషం, ఆ చదరపు బ్రాకెట్లకి హెచ్‌టీఎంఎల్ ప్రమాణంలో ఏ అర్థమూ లేదు. బ్రౌజర్ వాటిని పేరులో భాగంగానే పంపిస్తుంది. అర్థం కట్టింది పీహెచ్‌పీ. తర్వాత రూబీ ఆన్ రెయిల్స్ కూడా ఇదే దారి పట్టింది. 2010 జనవరిలో వచ్చిన జేక్వెరీ 1.4 కూడా డేటా పంపేటప్పుడు ఈ బ్రాకెట్ల పద్ధతికే మారింది. ఏ కమిటీ కూర్చుని తీర్మానం చెయ్యలేదు, అందరికీ అలవాటైపోయింది, అంతే. కాలేజీ మార్కుల షీట్లు, కిరాణా ఆర్డర్లు, జీతాల రిజిస్టర్లు, ఇన్ని చిన్న చిన్న అప్లికేషన్లు మన ఊళ్ళలో కూడా పీహెచ్‌పీలో పుట్టుకురావడానికి చవక హోస్టింగ్ ఎంత కారణమో ఈ బ్రాకెట్లు అంత కారణమని నా అభిప్రాయం.

సరే, లోపల ఏముందో కూడా చూద్దాం. పీహెచ్‌పీ 4, 5ల్లో అర్రే అంటే హాష్ టేబుల్. ప్రతి వస్తువూ ఒక బకెట్‌లో ఉంటుంది. ఆ బకెట్ గుండా రెండు దారాలు పోతాయి. ఒకటి ఒకే హాష్ గదిలో పడ్డవాళ్ళని కలిపే దారం. రెండోది వచ్చిన క్రమంలో అందరినీ కలిపే దారం. వెతకాలంటే మొదటిది, లూపు తిప్పాలంటే రెండోది. అందుకే పీహెచ్‌పీలో కీలు మాటలైనా సరే, మీరు పెట్టిన వరసలోనే బయటికొస్తాయి. హాష్ టేబుల్‌కి వరస ఏమిటని అప్పట్లో కంప్యూటర్ సైన్స్ పండితులు ముక్కు విరిచారు. పైథాన్ 3.7తో 2018లో వాళ్ళ డిక్షనరీకి కూడా వరస గ్యారంటీ వచ్చింది. ముక్కులు ఎప్పుడు సరిచేసుకున్నారో నేను గమనించలేదు.

దారాలకి ఖర్చుంది. నికితా పోపోవ్ 2011లో కూర్చుని లెక్కగట్టాడు. 64 బిట్ మెషీన్ మీద పీహెచ్‌పీ 5లో ఒక అంకె అర్రేలో ఉండాలంటే 144 బైట్లు. లక్ష అంకెలకి దాదాపు 14 మెగాబైట్లు. సీలో అయితే అంకెకి 8 బైట్ల చొప్పున 8 లక్షల బైట్లు. అంటే పద్దెనిమిది రెట్లు. పెద్ద ఎక్సెల్ ఫైలు చదివి టూ డైమెన్షనల్ అర్రేలో పొయ్యబోయి "మెమరీ అయిపోయింది" అన్న ఫేటల్ ఎర్రర్ చూసిన ప్రతివాడికీ కారణం ఇదే. హాజరుపట్టీని తీసుకెళ్ళి మాత్రిక పని చేయిస్తే అంతే మరి.

మెమరీ పోతే కనీసం ఎర్రర్ వస్తుంది. నోరెత్తకుండా డేటా పోయే చోట్లు ఇంకా ఘోరం. అందులో మొదటిది కీల మార్పిడి. కీగా "8" అనే స్ట్రింగు ఇస్తే పీహెచ్‌పీ దాన్ని 8 అనే అంకెగా మార్చేస్తుంది. "08" ఇస్తే మాత్రం స్ట్రింగుగానే ఉంచుతుంది. ఫారమ్ నుంచి వచ్చేవన్నీ స్ట్రింగులే కాబట్టి ఈ ఏర్పాటు లేకపోతే కష్టమే. ఫారమ్‌లో వచ్చిన 12, ప్రోగ్రాములో రాసుకున్న 12 వేరే కీలైపోతాయి. కాబట్టి చేసింది సబబే. కానీ దీన్ని అర్రే మెర్జ్ అన్న ఫంక్షన్‌తో కలపండి. ఆ ఫంక్షన్ స్ట్రింగు కీలని అలాగే ఉంచుతుంది, అంకె కీలని మాత్రం పారేసి 0, 1, 2 అని కొత్త నంబర్లు వేస్తుంది. కీలుగా విద్యార్థుల రోల్ నంబర్లున్న రెండు పట్టికల్ని కలిపితే మార్కులు మిగులుతాయి, ఎవరివో తెలియదు.

దీని మీద ఒక చిక్కు లెక్క చెప్తాను, ఇష్టమున్నవాళ్ళు కూర్చుని ఆలోచించండి. మన మొబైల్ నంబరు పది అంకెలు, 9తోనో 8తోనో 7తోనో 6తోనో మొదలవుతుంది. 32 బిట్ మెషీన్ మీద పీహెచ్‌పీ ఇంటిజర్ హద్దు 2147483647. ఏ మొబైల్ నంబరూ ఆ హద్దులో ఇమడదు. కాబట్టి కీగా వాడితే స్ట్రింగుగానే ఉండిపోతుంది, అర్రే మెర్జ్ దాన్ని ముట్టుకోదు. అదే ప్రోగ్రాముని 64 బిట్ సర్వర్‌కి మార్చండి. ఇప్పుడు నంబరు ఇంటిజర్‌లో హాయిగా ఇముడుతుంది, కీ అంకె అయిపోతుంది, అర్రే మెర్జ్ కొట్టగానే కస్టమర్ల ఫోన్ నంబర్లన్నీ 0, 1, 2, 3. కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు! ప్లస్ గుర్తుతో కలిపితే కీలు ఉంటాయి. కానీ ఆ సంగతి డాక్యుమెంటేషన్ చదివినవాళ్ళకే తెలుసు, చదివేవాళ్ళెందరు?

ఒక మంచి కూడా చెప్పుకోవాలి, లేకపోతే పక్షపాతం అంటారు. పీహెచ్‌పీ అర్రే ఒక వాల్యూ. ఫంక్షన్‌కి పంపితే కాపీ వెళ్ళినట్టే, అక్కడ ఎంత గెలికినా మన పట్టిక మనకి భద్రం. నిజంగా కాపీ చేసేది ఎవరైనా మార్చినప్పుడే, కాబట్టి ఊరికే పంపితే ఖర్చు లేదు. 1995లోనే పుట్టిన జావాస్క్రిప్ట్‌లో కూడా టూ డైమెన్షనల్ అర్రే లేదు, అక్కడా అర్రేలో అర్రేనే. కానీ అక్కడ లోపలి వరస ఉత్త రిఫరెన్సు. మూడు వరసల పట్టిక కావాలని ఒకే ఖాళీ అర్రేతో ఫిల్ కొడితే మూడు వరసలూ ఒకటే అర్రే అయి కూర్చుంటాయి. మొదటి వరసలో రాస్తే మూడింట్లోనూ కనబడుతుంది. పీహెచ్‌పీలో అర్రే ఫిల్ రెండుసార్లు వాడితే ఈ గొడవ లేదు.

ఇక 2011 డిసెంబరు. అప్పట్లో ఏటా బెర్లిన్‌లో జరుగుతుండిన కేయాస్ కమ్యూనికేషన్ కాంగ్రెస్‌లో అలెగ్జాండర్ క్లింక్, యూలియన్ వేల్డే అనే ఇద్దరు స్టేజి ఎక్కి, చాలా వెబ్ భాషల్ని ఒకే దెబ్బతో పడగొట్టొచ్చని చూపించారు. మైక్రోసాఫ్ట్ ఆ మర్నాడే అత్యవసర ప్యాచ్ వదలాల్సి వచ్చింది. నిజానికి కొత్త సంగతేం కాదు, క్రాస్బీ, వాలక్ 2003లోనే పేపర్ రాశారు, పెర్ల్ అప్పుడే సర్దుకుంది. మిగతావాళ్ళు ఎనిమిదేళ్ళు నిద్రపోయారు.

పీహెచ్‌పీ హాష్ సూత్రం చాలా సింపుల్. ఇప్పటిదాకా వచ్చినదాన్ని 33తో హెచ్చించి, తర్వాతి అక్షరం కోడ్ కలపడం. క్యాపిటల్ ఈ కోడ్ 69, స్మాల్ జెడ్ కోడ్ 122. 69 ఇంటూ 33 ప్లస్ 122 అంటే 2399. ఇప్పుడు క్యాపిటల్ ఎఫ్ 70, క్యాపిటల్ వై 89. 70 ఇంటూ 33 ప్లస్ 89, అదీ 2399! రెండు వేర్వేరు స్ట్రింగులు, ఒకే హాష్. ఈ జంటల్ని పూసల్లా ఎలా గుచ్చినా హాష్ మారదు. పదహారు జంటలు గుచ్చితే 32 అక్షరాల కీలు 65,536 వస్తాయి, అన్నిటికీ ఒకే హాష్. అన్నీ ఒకే బకెట్ గొలుసులో పడతాయి. ప్రతి కొత్త కీ వచ్చినప్పుడు గొలుసంతా వెతకాలి కాబట్టి మొత్తం పోలికలు 200 కోట్లు దాటతాయి. ఇదంతా పంపడానికి రెండు మెగాబైట్ల పైచిలుకు ఫారమ్ డేటా చాలు. పీహెచ్‌పీ డిఫాల్ట్‌గా ఎనిమిది మెగాబైట్లు ఒప్పుకుంటుంది. పైగా మన ప్రోగ్రాము మొదటి లైను మొదలవకముందే ఇది జరిగిపోతుంది, ఎందుకంటే ఫారమ్‌ని అర్రేగా మార్చిపెట్టే పని పీహెచ్‌పీ తానే చేస్తుంది కదా. 2000లో మనకి వరమైన ఏర్పాటే 2011లో దొంగకి తలుపు తీసింది.

పెర్ల్, పైథాన్, రూబీలు హాష్‌లో యాదృచ్ఛిక సంఖ్య కలిపాయి. పీహెచ్‌పీ సూత్రం మార్చలేదు. 2012 జనవరిలో వచ్చిన 5.3.9లో ఒక పరిమితి పెట్టింది, ఫారమ్ నుంచి వెయ్యికి మించి వేరియబుల్స్ తీసుకోను అని. ఆ ప్యాచ్‌లోనే ఇంకో పెద్ద కన్నం పడింది. వెయ్యి దాటాక వచ్చేది అర్రే వేరియబుల్ అయితే సర్వర్‌లో పరాయి కోడ్ నడిపించే వీలుందని స్టెఫాన్ ఎస్సర్ కనిపెట్టాడు. ఫిబ్రవరి మొదట్లోనే 5.3.10 వదిలి పూడ్చారు. ఎలకని పట్టడానికి ఇంటికి నిప్పు పెట్టినంత పనైంది.

వెయ్యి పరిమితి మాత్రం నిలిచిపోయింది. అది ఎవరికి తగిలిందో నాకు తెలిసిన ఒక సంగతి చెప్తాను. నా స్నేహితుడొకడు ఒక ఇంజినీరింగ్ కాలేజీకి ఇంటర్నల్ మార్కుల ఎంట్రీ స్క్రీన్ రాసిపెట్టాడు. సెక్షన్‌కి ఒక పేజీ, మనిషికి 14 గళ్ళు, పైన మూడు హిడెన్ ఫీల్డులు. రెండేళ్ళు బ్రహ్మాండంగా నడిచింది. హోస్టింగ్ వాళ్ళు పీహెచ్‌పీ వెర్షన్ మార్చారు. తర్వాత ఒక లెక్చరర్ గారు ఫోన్ చేసి, "బాబూ, అందరి మార్కులూ నిలుస్తున్నాయి గానీ మా చివరి పిల్లాడివి మూడే నిలుస్తున్నాయి, ఎన్నిసార్లు కొట్టినా అంతే" అన్నారట. ఆ సెక్షన్‌లో 72 మంది. 72 ఇంటూ 14 అంటే 1008. హిడెన్‌లు మూడూ పోగా మార్కులకి మిగిలేవి 997. అందులో 71 మందికి 994, ఆఖరివాడికి సరిగ్గా మూడు. మిగతా గళ్ళు ఖాళీ, డేటాబేసులో ఖాళీ అంటే సున్నా. స్క్రీన్ మీద "సేవ్ అయింది" అన్న పచ్చ మెసేజ్ మామూలే. వార్నింగ్ వెళ్ళేది సర్వర్ లాగ్‌లోకి, అది చూసే దిక్కెవరు? మన దగ్గర చివరి రోల్ నంబర్లు ఎవరివో తెలుసు కదా, ఈసెట్ రాసి డిప్లొమా నుంచి రెండో ఏడాదిలో చేరిన లాటరల్ ఎంట్రీ పిల్లలవి. బెర్లిన్‌లో మొదలైన గొడవ వచ్చి వచ్చి ఆ అబ్బాయి ఇంటర్నల్స్ మీద పడింది. లెక్చరర్ గారు ఓపిగ్గా మళ్ళీ తెరిచి చూసుకునే మనిషి కాబట్టి సరిపోయింది.

2015 డిసెంబరులో పీహెచ్‌పీ 7 వచ్చింది. ఆరు ఎక్కడా అని అడగొద్దు, అది వేరే పురాణం. అందులో అర్రే లోపలి నిర్మాణం మార్చారు. దారాలు తీసేసి బకెట్లన్నిటినీ వచ్చిన వరసలోనే పక్కపక్కన పేర్చారు, హాష్ కోసం వేరే చిన్న సూచిక పెట్టారు. కీలు 0, 1, 2 అని వరసగా ఉంటే ఆ సూచిక కూడా అక్కర్లేదు. లక్ష అంకెలు 14 మెగాబైట్ల నుంచి 4కి దిగాయి. 2022లో 8.2 వచ్చాక అలాంటి వరస అర్రేల్లో ఒక్కో గడికీ 16 బైట్లే. అంటే గుమాస్తా రిజిస్టరు లోపల్లోపల మెల్లగా మాత్రిక వైపు నడిచింది, బయటికి మాత్రం అదే అట్ట.

సార్టింగ్ సంగతి కూడా చెప్పాలి. టూ డైమెన్షనల్ అర్రేని మొదట పేరు వారీగా, తర్వాత మార్కుల వారీగా సార్ట్ చేస్తే, సమాన మార్కులున్నవాళ్ళు పేరు వరసలో ఉండాలని మనం ఆశిస్తాం. పీహెచ్‌పీ 8.0 దాకా, అంటే 2020 నవంబరు దాకా, ఆ గ్యారంటీ లేదు. 7లో అయితే ఇంకా తమాషా. 16 కన్నా తక్కువ వరసలుంటే వేరే పద్ధతి వాడేది, అప్పుడు వరస చెదిరేది కాదు. పది వరసలతో టెస్ట్ చేస్తే పాస్, ప్రొడక్షన్‌లో వెయ్యి వరసలతో ఫెయిల్. టెస్టర్ల మీద డెవలపర్లు, డెవలపర్ల మీద టెస్టర్లు అరుచుకోడానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు ఎవరూ చెయ్యలేరు.

ఒకే డబ్బా నిర్ణయాన్ని వెనక్కి తిప్పినవాళ్ళు కూడా ఉన్నారు. ఫేస్‌బుక్ పుట్టింది పీహెచ్‌పీలోనే కదా. వాళ్ళు 2014 మార్చిలో హ్యాక్ అనే సొంత భాష తెచ్చారు. తర్వాత అందులో అర్రేని మూడు ముక్కలు చేశారు. వరసకి వెక్, పేర్లకి డిక్ట్, విడివిడి కీలకి కీసెట్. 2019లో పీహెచ్‌పీతో బంధుత్వం కూడా తెంచుకున్నారు. వాళ్ళకి వేలమంది ఇంజినీర్లు, కోట్ల లైన్ల కోడ్. ఏ డబ్బాలో ఏముందో మూత మీద రాసి ఉండాల్సిందే. ఒక్కడే కూర్చుని కాలేజీకి మార్కుల షీటు రాసేవాడికి ఆ అవసరం లేదు. వాడికి ట్రంకుపెట్టే నయం, అందులో ఏముందో వాడికి గుర్తుంటుంది. గుర్తుంచుకోవలసింది వాడొక్కడే అయినంతకాలం.

ఈ రోజుల్లో సర్వర్ వైపు పీహెచ్‌పీ, బ్రౌజర్ వైపు జావాస్క్రిప్ట్, మధ్యలో జేసన్. 2006లో 5.2తో జేసన్ ఎన్‌కోడ్ పీహెచ్‌పీలోకి వచ్చినప్పట్నుంచీ కొత్త తిప్పలు మొదలయ్యాయి. జావాస్క్రిప్ట్‌లో లిస్టు వేరు, ఆబ్జెక్టు వేరు. పీహెచ్‌పీలో రెండూ ఒకటే. మరి పంపేటప్పుడు ఏదని పంపాలి? కీలు 0 నుంచి వరసగా ఉంటే లిస్టు, లేకపోతే ఆబ్జెక్టు, ఇదీ నియమం. పట్టికలోంచి మధ్య వరస ఒకటి తీసేసి పంపి చూడండి. కీలు 0, 2, 3 అయ్యాయి కాబట్టి అది ఆబ్జెక్టుగా వెళ్తుంది, అటువైపు లూపు తిప్పే కోడ్ బోర్లా పడుతుంది. ఎవరూ ఏమీ డిలీట్ చెయ్యనంతకాలం అంతా బాగుంటుంది. పంపేముందు అర్రే వాల్యూస్ కొట్టాలని చాలామందికి కస్టమర్ చెప్పాకే తెలుస్తుంది.

చివరికి 2021 నవంబరులో వచ్చిన 8.1లో దీనికోసమే ఒక ఫంక్షన్ పెట్టారు. అర్రే ఈజ్ లిస్ట్ దాని పేరు. అర్రేని పట్టుకుని "నువ్వు లిస్టువా, కాదా?" అని అడుగుతుంది. ఖాళీ అర్రేని అడిగితే అవును, లిస్టునే అంటుంది. జేసన్‌లో కూడా అది చదరపు బ్రాకెట్లతోనే వెళ్తుంది, అటువైపు వాళ్ళు ఆబ్జెక్టు కోసం ఎదురుచూస్తున్నా సరే.